కొండవీటి యాత్ర

మా చెరుకుపల్లి కృష్ణాడెల్టాలోని ఊరు. ఎటు చూచినను వరిచేలు, కాలువలు, నల్లమన్ను. రోటికైనను తిరుగలికైనను రాయి పొరుగుసీమ నుండి రావలసినదే. ఇచ్చట పుట్టి పెరిగిన ఆడువారికి కొండయన్నది పండుగకో మ్రొక్కుబడికో పోయి చూచి వచ్చునట్టిది. అయినను కొండవీటి పేరెత్తని దినము మాకు లేదు. రేషను దుకాణము కడ వరుస పొడుగైనను, పెండ్లివారి కోరికల పట్టీ పొడుగైనను ‘కొండవీటి చేంతాడు’ అందుము. ఆ చేంతాడు పుట్టిన చోటును కన్నులార చూడవలెనని నాకు చిరకాలముగా నుండెను.

గడచిన ఆశ్వయుజమున, దసరా సెలవులలో అది సమకూడెను. నాకు తోడు వచ్చినది నా నెచ్చెలి. ప్రభుత్వపు కొలువున నర్సు, నాకంటె నాలుగేండ్లు చిన్నది. మావారు బడిపంతులు గనుక సెలవు దినములలో పిల్లల భారము తమదేయనిరి. అత్తగారు మాత్రము, ‘ఆడవాళ్లిద్దరూ కొండలెక్కడమేమిటే’ యని గొణిగి, తరువాత తామే లేచి పులిహోర కలిపి మూట గట్టిరి.

2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు వెల లేదు గదా. ఆధారు కార్డు చూపి పొన్నూరు మీదుగా గుంటూరు చేరితిమి. అచ్చట నరసరావుపేట బస్సెక్కి ఫిరంగిపురమున దిగి, ఆటో కుదుర్చుకొని కొండవీటికి పోతిమి. ఇప్పుడు కొండపైకి ఘాటు రోడ్డు గలదు. కారులు నేరుగా పోవును. కాని మేము నడువవలెననియే వచ్చితిమి.

కొండ మొదట గోపీనాథస్వామి గుడియు, కత్తుల బావి యను దానిని గూర్చిన భయంకరమైన కథయు నున్నవి. ఆ కథ నాకు నచ్చలేదు గనుక ఇచ్చట వ్రాయను.

శరత్కాలపు ఉదయము. వానలు వెలిసి ఆకసము కడిగిన అద్దమువలె నుండెను. బండల సందులలో ఇంకను తడి ఆరలేదు. దారికిరువైపుల సీతాఫలపు చెట్లు. కండ్లు విచ్చిన కాయలు కొమ్మ కొమ్మకు వ్రేలాడుచుండెను. సమతల భూమి మీద నడచుట యలవాటైన కాళ్లకు కొండ యెక్కుట వేఱు విద్య. మొదటి అరగంటలోనే నాకు ఆయాసము వచ్చెను. నెచ్చెలి, ‘అక్కయ్యా, నోరు మూసుకొని ముక్కుతో గాలి పీల్చండి, మాట్లాడకండి’ అనెను. మాటలాడక నడచుట నాకు కొండకంటెను కష్టమయ్యెను.

రెండు గంటలకు పైకి చేరితిమి. పడిన ప్రాకారములు, పొదలు క్రమ్మిన బురుజులు, కప్పులేని మండపములు. ఇవి రెడ్డిరాజుల నాటివి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా జేసికొని 14వ శతాబ్దమున రాజ్యము స్థాపింపగా, ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని ఈ కొండకు మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారిగా నుండెను. మా తండ్రిగారు నాకు చిన్ననాట శృంగారనైషధము చెప్పుచు, ఈ కావ్యమును అంకితము గొన్న మామిడి సింగన్న ఆ రాజునకు మంత్రియని చెప్పిన మాట, ఆ మొండిగోడల నడుమ నిలిచినప్పుడు జ్ఞప్తికి వచ్చినది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును గజపతుల నుండి గెలిచెను. పిమ్మట గోలకొండ నవాబులు దీనికి ముర్తజానగరమని పేరు పెట్టిరి. ఆ పేరిప్పుడు గ్రంథములలోనే మిగిలినది.

కోటకంటె నన్నాకర్షించినవి కొండమీది చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు. నింగి నుండి పడిన చినుకును పట్టి నిలిపిననే గాని కొండపై బ్రతుకు లేదని కట్టినవారు గ్రహించిరి. ఇచ్చటి బావులు మిక్కిలి లోతైనవగుటచే నీటికి అంత త్రాడు కావలసివచ్చినదనియు, అదియే సామెతకు మూలమనియు పెద్దలు చెప్పుదురు. ఆ త్రాడెంత పొడుగో లోకమంతయు చెప్పుకొనుచున్నది. దానిని లాగిన ఆడువారి అరచేతుల మాట యెవ్వరును చెప్పుకొనరు! మా అమ్మమ్మ నూతినీరు తోడిన కాలమున ఆమె చేతులను చూచితిని గనుక ఈ మాట వ్రాయుచున్నాను.

వెదుళ్ల చెరువు గట్టున చెట్టు నీడను కూర్చుండి పులిహోర మూట విప్పితిమి. అప్పుడు నేను నెచ్చెలికి సూరాంబిక కథ చెప్పితిని. ఈమె పెదకోమటి వేముని రాణి. ఈమె త్రవ్వించిన చెరువు పేరు సంతానసాగరము. ఆ సంగతి చెప్పు 1409 నాటి శాసనము మేము బస్సు దిగిన ఫిరంగిపురములోనిదే. అందలి పద్యములు శ్రీనాథుని రచన. ఆమె కుమారుడు రాచవేమారెడ్డి తల్లి త్రవ్వించిన చెరువునకు నీరందుటకై ‘జగనొబ్బగండ’ యను కాలువ త్రవ్వించెను. ఇంతవరకు శాసనముల సాక్ష్యము.

ఆ రాచవేముడే తరువాత పురిటిసుంకము విధించెనని ఐతిహ్యము. ఇంట బిడ్డ పుట్టిన రాజునకు పన్ను కట్టవలెను! ఆ సుంకము కట్టనన్న సవరము ఎల్లయ్య యను నతడు రాజును పొడిచి చంపెనని చెప్పుదురు. రాచవేమునితోనే, 1424 ప్రాంతమున, కొండవీటి రెడ్ల యేలుబడి ముగిసినది. తల్లి చెరువునకు సంతానమని పేరు పెట్టగా, కొడుకు సంతానము మీదనే పన్ను వేసెనన్నమాట. ఇది నిజమో, ఓడిన రాజుపై ప్రజలల్లిన కథయో చెప్పుట కష్టము. కాని ఆరువందల యేండ్లు గడచినను ఆ పన్నును జనులు మరువలేదు.

నెచ్చెలి చేతిలోని ముద్దను తినక కొంతసేపు ఊరకుండెను. పిదప, ‘ఇప్పుడు మాత్రం లేదా ఏమిటి అక్కయ్యా?’ అనెను.

‘ఇప్పుడు ప్రభుత్వమే ఎదురు డబ్బిస్తున్నది గదా’ యంటిని. జననీ సురక్షా యోజన 2005లో వచ్చినది. ప్రధానమంత్రి మాతృవందన యోజన 2017లో వచ్చినది. తొలికాన్పు తల్లికి ఈ రెండవదాని క్రింద 5,000 రూపాయలు వాయిదాలుగా బ్యాంకు ఖాతాలో పడును.

‘ఖాతాలో పడే మాట నిజమే. నేను మునుపు పనిచేసిన ఒక ఆసుపత్రిలో చూశాను. బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టి, వాకిలి దగ్గర నిలబడి, మొగపిల్లాడైతే వెయ్యి, ఆడపిల్లయితే అయిదొందలు అనేవాళ్లు. ఇచ్చేదాకా బామ్మ చేతికి బిడ్డ రాదు. ఒక కూలి మనిషి భార్య చెవికమ్మలు తీసి ఇచ్చింది. వాటిని నేను తిరిగి ఇప్పించాను. ఆ తరువాత నాతో అక్కడ ఎవరూ మాట్లాడలేదు.’

ఆ ఆయాలకును జీతము చాలదు గదా యని నేను మెల్లగా అంటిని. ఆమెకు కోపము వచ్చెను. ‘చాలకపోతే పై అధికారిని అడగాలి. పురిటి మంచం మీద ఉన్నదాన్నా అడిగేది?’ ఆమె మాటకు నాయొద్ద సమాధానము లేదు. ఆడపిల్లకు సగము వెలయను మాట నన్ను మఱింత బాధించెను, నాకిద్దరును ఆడపిల్లలే. నాకు రెండవ పురుడైన దినమున మా నాన్నగారు పంచెకొంగున ముడివేసిన నోటు నెవరికో ఇచ్చుట మంచముపై నుండి చూచితిని. అది సంతోషముకొలది ఇచ్చిరని ఇన్నాళ్లు తలంచితిని.

ఎండ వాలుచుండగా దిగనారంభించితిమి. సోదరీమణులెవరైన పోదలచినచో కార్తికము మంచిది. వేసవిలో రాళ్లు కాలును. త్రాగునీరు వెంట నుండవలెను. పాదమును బిగించి పట్టు చెప్పులు కావలెను. దిగునప్పుడు మోకాళ్లు వణకును గనుక ఒక కఱ్ఱ యుండిన మేలు. చీరె కుచ్చెళ్లు కాస్త ఎత్తి కట్టుకొనుట యవసరము. అచ్చట చూచి నవ్వువారెవరును లేరు.

కొండక్రింద ఒక ముసలామె గంపతో సీతాఫలములు పెట్టుకొని కూర్చుండెను. తెల్లవారుజామున కొండయెక్కి తానే కోసితెచ్చెనట. మా యూరి సంతలో కాయలకంటె చిన్నవి, తీపి యెక్కువ. నెచ్చెలి బేరమాడక రెండు డజనులు కొనెను. ఎన్నడును బేరమాడక వంకాయయైనను కొనని మనిషి!

ఫిరంగిపురమున బస్సు కొఱకు నిలిచియుండగా ఆమె ఫోను మ్రోగెను. ఆమె పర్యవేక్షణలోని గర్భిణి యొకతెకు నొప్పులు మొదలైనవట. ఇంటివారు ఆసుపత్రికి బయలుదేరుచున్నారు. కాగితములేవి తీసికొనిపోవలెనో, 108 వాహనమున కేమి చెప్పవలెనో ఒక్కొక్కటిగా చెప్పి, కడపట ఇట్లనెను: ‘అక్కడ ఎవరు చెయ్యి చాచినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నా పేరు చెప్పండి. రాత్రి ఎనిమిదింటికల్లా నేను వస్తాను.’