గెడ చప్పుడు

కొల్లేరు నాకు మొదట వాసనగానే తెలుసు. కైకలూరు దాటాక, మా ఎడ్లబండి గట్టెక్కకముందే, తడిసిన కిక్కిస గడ్డీ బురదా ఎండుచేపలూ కలిసిన గాలి మొహానికి తగిలేది; అప్పటిదాకా కునుకుతున్న అమ్మ పుట్టింటి గాలి సోకగానే లేచి నిటారుగా కూర్చుని జుట్టు సవరించుకునేది, ఆ వాసన వెనకాలే తాతయ్య తాటిదోనె వేసుకుని మాకోసం కాచుకుని ఉంటాడని నాకు తెలిసిపోయేది.

దోనెలో కదలకుండా కూర్చోవాలి, కాస్త ఒరిగితే నీళ్ళు లోపలికొస్తాయి. తాతయ్య నిలబడి గెడ వేస్తుంటే అది బురదలో దిగే చప్పుడు, పైకి లాగినప్పుడు దానిమీంచి నీళ్ళు జారే చప్పుడు, కిక్కిస దోనె అంచుల్ని రాసుకునే చప్పుడు, ఎక్కడో నీటికోడి కూత, మధ్యమధ్య తాతయ్య దగ్గు. ఇంతలో ఏ మూలనుంచో పరజలు ఒక్కపెట్టున లేచేవి, ఆ రెక్కల హోరుకి నేను బిగుసుకుపోతే, “భయమెందుకురా, మనకి దారిస్తున్నాయి” అనేవాడు. దాహమేస్తే గెడ చంకలో ఇరికించుకుని, వంగి, నాచు పక్కకి తోసి, దోసిలితో నీళ్ళు ముంచి తను తాగి నాకూ పట్టేవాడు. తియ్యగా ఉండేవి, కాస్త ఆకు వాసనతో.

గూడబాతుని మొదట చూపించిందీ ఆయనే. పొలంలో ఇద్దరు నిలబడి నీళ్ళు తోడే గూడ ఉందే, ఈ పక్షి ముక్కుకింద సంచీ అచ్చం అలా ఉంటుందని, అందుకే ఆ పేరని చెప్పాడు.

తర్వాత చేపల చెరువులొచ్చాయి, గట్టు పక్కన గట్టు. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2006లో ఆ గట్లు తెగ్గొట్టారు; వాటిమీద బతికినవాళ్ళ కష్టమూ చిన్నది కాదు, మా చుట్టాల్లోనే రెండు వైపులా ఉన్నారు.

మొన్న మాఘంలో కొల్లేటి పక్షుల్ని చూడ్డానికి ఆటపాక వెళ్ళాను. గట్టుమీద చాలాసేపు నడిచి, బోటెక్కాను. గూళ్ళకి చెట్లు చాలక అటవీశాఖవాళ్ళు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లమీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ కిక్కిరిసి ఉన్నాయి. పెద్దవి దాదాపు నోరెత్తవు, గోలంతా పిల్లలదే. ఒక పిల్ల, ఇంకా తెల్లటి నూగుతోనే ఉంది, తల్లి ముక్కుసంచీలోకి మెడదాకా దూరి రెక్కలు టపటప కొట్టుకుంటోంది. తల్లి మెడ వంచి ఓపిగ్గా నిలబడింది. చాలాసేపటికి పిల్ల తల బయటికొచ్చింది, నూగంతా తడిసి ముద్దయి, చేపవాసన ఇక్కడిదాకా కొడుతున్నట్టు.

అది చూస్తూ చూస్తూ, నాకు తెలియకుండానే వంగి దోసిలి నీళ్ళలో పెట్టాను.

“వద్దండి బాబాయ్‌గారూ, ఆ నీళ్ళు తాగకూడదు,” అంటూ బోటు నడిపే కుర్రాడు గబగబా తన సీసా మూత తీసి అందించాడు. మంచి పిల్లాడు. సీసా అందుకుని రెండు గుక్కలు తాగాను. తడిసిన చెయ్యి మాత్రం పంచెకి తుడుచుకోలేదు, కైకలూరు వచ్చేదాకా.