విమానానికో కాయ

మా ఇంట్లో వేరుశనక్కాయలు. కింద వాటాలో ఓనరమ్మ గారింట్లో చెనిక్కాయలు. వీధి మొగలో తోపుడు బండి మీద కడ్లెకాయి. ఉప్పేసి ఉడకబెట్టిన కాయ ఒకటే అయినా, ఆరేళ్ల వయసులో కాకినాడ నుంచి బెంగళూరు తూర్పున కుందలహళ్ళికి వచ్చిపడ్డ నాకు అవి మూడు వేరు వేరు తిండ్లు. రుచులు కూడా వేరేనని అప్పట్లో గట్టిగా నమ్మాను.

అది 2001. నాన్నకు ఐటీపీఎల్ టెక్ పార్కులో ఉద్యోగం. కుందలహళ్ళి గేటు దగ్గర బస్సు దిగి లోపలికి నడిస్తే కొబ్బరి తోటలు, రాగి చేలు, నీలగిరి చెట్లు, చెరువు. వాటి మధ్య అక్కడక్కడా సిమెంటు వాసన పోని కొత్త మేడలు. ఇప్పుడు కుందలహళ్ళి పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, 2023 మార్చిలో తెరిచారు. మా ఓనర్లు తరాలుగా ఆ ఊళ్లో ఉన్న రెడ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. బెంగళూరు తూర్పు పల్లెల్లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అయితే వాళ్లది కోలారు వైపు తెలుగు. దిగిన రోజే ఓనరమ్మ "ఏం పాపా, బొరుగులు తింటావా?" అనడిగితే ఆ మాట అర్థంకాక అమ్మ వెనక్కి పోయి నిలబడ్డాను. ఆమె దోసిలి తెరిచి చూపిస్తే, మరమరాలు!

అలా మొదలైంది నా భాషాభ్యాసం. మా చెక్కలు ఆమెకు నిప్పట్లు. మా జంతికలు ఆమెకు మురుకులు. నిప్పట్టులో వేరుశనగ పలుకులు నలగ్గొట్టి కలుపుతారు, మా చెక్కలో నానేసిన శనగపప్పు పడుతుంది. చెక్కే మేలని అమ్మ ఇప్పటికీ అంటుంది. నా ఓటు నిప్పట్టుకే. పంటికింద ఆ పలుకు చిట్లడంలో ఉన్న సుఖం శనగపప్పులో లేదు.

అన్నం విషయంలో మా ఇంట్లో వేళలుండేవి. చిరుతిండికి ఉండేవి కావు. బడికి వెళ్తూ జేబులో నాలుగు గవ్వలు, పదిన్నర గంటకి డబ్బాలో జంతికల ముక్కలు, వ్యాను దిగి ఇంటికొస్తూ కింద వాటాలో పిడికెడు బొరుగులు, దీపాలు పెట్టేవేళ మిద్దె మీద ఏదో ఒకటి. అమ్మ కోప్పడేది. అమ్మమ్మ ఉంటే మాత్రం "పిల్ల కాసేపు నోరాడిస్తే నీకేమే?" అని అడ్డుపడేది. నోరాడించడం! కడుపు నింపుకోవడానికీ దానికీ సంబంధం లేదు. ఆటలో, చదువులో, ఊరికే కూర్చోవడంలో నోటికి కూడా ఒక పని ఇవ్వడం అది. దానికి ఇంత చక్కటి మాట మన భాషలో ఉన్నందుకు నాకెంతో సంతోషం.

అమ్మమ్మ శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేది. కృష్ణరాజపురంలో రైలు ఆగగానే నా కళ్లు ముందు ఆమె చేతి సంచులను వెతికేవి, తర్వాతే ఆమె ముఖాన్ని. డాల్డా డబ్బాలో సున్నుండలు, మూతకి పాత చీర పేలిక చుట్టిన స్టీలు డబ్బాలో అరిసెలు, అట్టపెట్టెలో కోటయ్య గొట్టం కాజాలు. కాజా కొరికితే లోపలి పాకం గడ్డం మీదికి కారాలి. ప్రయాణంలో నలిగిన పూతరేకుల పొడిని మాత్రం కాగితం మడతలో పోసి నాకే ఇచ్చేది. దాన్ని వేలితో అద్దుకుని నాకుతూ హోంవర్కు చేసుకునేదాన్ని.

డిసెంబరు, జనవరి నెలల్లో కింద వాటా అంతా అనపకాయల వాసన. చేతికి అంటితే మర్నాటికీ పోని వాసన అది, కన్నడంలో దాన్ని సొగడు అంటారు. కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్న వరండాలో చాప పరిచి అందరూ కూర్చుని పితికేవాళ్లు. బొటనవేలితో, చూపుడువేలితో గింజను నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడాలి. నావి గోడకు తగిలేవి. కూరకు కావలసింది పక్కకి తీశాక మిగిలినదాన్ని తడి ఆర్చి నూనెలో వేయించి, కరివేపాకు, ఉప్పు, కారం చల్లేవారు. ఆ వేపుడు వేడిగా గుప్పిట్లో పోస్తే చెయ్యి కాలేది, అయినా గుప్పిట తెరిచేదాన్ని కాదు.

గేటు దగ్గర అయ్యంగార్ బేకరీ ఉండేది. బెంగళూరులో ఏ పేటకు వెళ్లినా ఒకటి కనిపిస్తుంది కదా, హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు మొదలుపెట్టిన వరస అది. సాయంత్రం నాలుగింటికి ఖారా బన్ను ట్రే బయటికొచ్చేది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర పిండిలోనే కలిసి కాలిన వాసన రోడ్డుకి అవతల వ్యాను దిగేటప్పుడే తగిలేది. అక్కడే గాజు సీసాలో కాంగ్రెస్ కడ్లెకాయి. వేయించి, పొట్టు తీసి, రెండు బద్దలుగా చీల్చి, కారం, మిరియం, ఇంగువ, కరివేపాకుతో కలిపిన పల్లీలు. 1969లో లాల్‌బాగ్ గాజింట్లో కాంగ్రెస్ సమావేశం జరిగింది, ఆ ఏడాదే పార్టీ రెండుగా చీలింది, అందుకే ఈ బద్దలకు ఆ పేరని చెప్పుకుంటారు. ఓనరు తాత ఆ కథ చెప్పినప్పుడల్లా ఒక పలుకును వేళ్లతో చీల్చి చూపించేవాడు.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడ్లెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర. రెండు బస్సులు మారి ఓనరమ్మ నన్ను తీసుకెళ్లింది. దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డుకి రెండు పక్కలా కాయల రాశులు, పచ్చివి, వేయించినవి, ఉడికినవి. రైతుల చేలో కాయలు మేసిపోయిన ఎద్దు కథ కూడా ఆమే చెప్పింది. సేరుతో కొలిచి పోస్తుంటే "కొసరు వెయ్యప్పా, పాపకి" అని ఆమె తెలుగులోనే అడిగింది. అమ్మేవాడిదీ తెలుగే.

ఆ కాయలతోనే మా ఆట పుట్టింది. అప్పట్లో విమానాలు హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో దిగేవి. మా మిద్దె పక్కగా, చక్రాలు కనిపించేంత కిందికి వచ్చేవి. ఒక్కో విమానానికి ఒక్కో కాయ ఒలుచుకోవాలి, ముందే తినకూడదు. కాయలు లేని రోజుల్లో కాంగ్రెస్ బద్దలు. అలా ఒక చిన్న గిన్నె చీకటి పడేదాకా వచ్చేది. ఒక్క కాయ కోసం ఆకాశమంతా వెతికి, తీరా శబ్దం వినిపించగానే గబగబా తొక్క తీస్తుంటే, ఆ ఉప్పునీళ్లు మోచేతి దాకా కారేవి. ఇంత నెమ్మదిగా, ఇంత ఇష్టంగా నేను మళ్లీ ఏదీ తినలేదు.

2008 మే 24న విమానాలు దేవనహళ్ళికి మారాయి. పేపర్లో చదివే ఉన్నాను. అయినా ఆ సాయంత్రం గిన్నెలో బద్దలు పోసుకుని మిద్దెక్కాను. ఆకాశంలో కాకులు, గద్దలు, దూరంగా ఎక్కడో లారీ హారను. ఆరేసిన బట్టలు తీయడానికి ఓనరమ్మ పైకొచ్చింది.

"ఏం పాపా, తినకుండా అట్లే పెట్టుకోనుండావు?"

"విమానం రాలేదు."

ఆమె బట్టలు భుజాన వేసుకుని నా పక్కన కూర్చుంది. గిన్నెలోంచి ఒక బద్ద తన నోట్లో వేసుకుంది, ఒకటి నా అరచేతిలో పెట్టింది.