మా చిన్నాడి ‘పిలిల’

నేను బి.ఏ. తెలుగు చదివాను. ఛందస్సులో క్లాసు ఫస్టు. పెళ్లిళ్లకి శుభలేఖ రాయాలంటే ఇప్పటికీ మా వైపు వాళ్లు నాకే ఫోన్ చేస్తారు. అలాంటిదాని కడుపున పుట్టినవాడు మూడో తరగతిలో ‘పిల్లి’ని ‘పిలిల’ అని చదివితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ సాయంత్రం స్కేలుతో కొట్టాను. ‘నిన్న చదివావు కదరా, ఇవాళ ఏమైంది?’ అని. వాడు ఏడవలేదు. ‘అమ్మా, అక్కడ అలాగే ఉంది’ అన్నాడు. పొగరనుకుని ఇంకో దెబ్బ వేశాను.

మొద్దు పిల్లాడైతే సరిపెట్టుకుందును. కూరల బండి దగ్గర నాకంటే ముందే లెక్క చెప్పేస్తాడు. విన్న కథని వారం తర్వాత కూడా పొల్లుపోకుండా చెబుతాడు. పుస్తకం తీస్తే మాత్రం కడుపునొప్పి. 2007లో ‘తారే జమీన్ పర్’ చూసి వెక్కి వెక్కి ఏడ్చినదాన్నే నేను. అదే నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుంటే గుర్తుపట్టలేదు.

నిజానికి రెండో తరగతిలోనే వాళ్ల టీచరు చెప్పింది, ఒకసారి చూపించండి అని. మా అత్తయ్యగారు ‘వాళ్ల నాన్నకీ చదువు ఆలస్యంగానే వచ్చింది, వదిలెయ్యి’ అన్నారు. వదిలేశాను. అలా ఒక ఏడాది పోయింది.

చివరికి వెళ్లాం. ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించమన్నారు. రెండూ బాగున్నాయి. తర్వాత సైకాలజిస్టు 2 రోజులు కూర్చోబెట్టి తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కలు అన్నీ విడివిడిగా చూశారు. తెలివికి లోటు లేదు, చదవడం మాత్రం బాగా వెనకబడి ఉంది, డిస్లెక్సియా అన్నారు. ‘ఇది కుటుంబాల్లో వస్తూ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అని అడిగారు. మావారు నేల చూపులు చూశారు. తిరిగొచ్చేటప్పుడు కారులో, సిగ్నల్ దగ్గర, ‘టెన్త్‌లో తెలుగు రెండుసార్లు తప్పాను. నీకు చెప్పలేదు’ అన్నారు. పదహారేళ్ల కాపురంలో ‘పేపరు కూడా చదవరేమిటండీ, ఎప్పుడూ ఆ టీవీయేనా’ అని ఎన్నిసార్లు దెప్పానో! ఆ సిగ్నల్ ఎంతకీ పచ్చబడలేదు.

స్పెషల్ ఎడ్యుకేటర్ గారి దగ్గర మొదటి రోజు పాఠం వాడికి కాదు, నాకు. కాగితం మీద ‘పిల్లి’ అని రాసి, నెమ్మదిగా విడదీసి చూడమన్నారు. ల మీద గుడి, కింద ల ఒత్తు. కంటికి ముందు దొరికేది ‘లి’, తర్వాత కింద ఒత్తు. నోటికి మాత్రం ఒత్తు ముందు, గుడి శబ్దం చివర్న రావాలి. మనమంతా చిన్నప్పుడే ఆ వెనకా ముందూ ఎలాగో సర్దేసుకున్నాం. వాడు కనబడింది కనబడినట్టు చదివాడు. అక్కడ అలాగే ఉంది! మూడేళ్లు తెలుగు చదివినా నాకు ఒక్కరోజు తట్టని సంగతి అది.

అసలు చిక్కు కళ్లలో కాదట, విన్న మాటని శబ్దాలుగా విడగొట్టుకోవడంలో ఉందట. అందుకే మొదటి నెల పుస్తకమే తియ్యలేదు. వారానికి 2 రోజులు, 45 నిమిషాలు, అన్నీ నోటి ఆటలే. ‘కమల’లో ‘క’ తీసేస్తే ఏం మిగిలింది? ‘పలక’ని తిరగేస్తే ఏమవుతుంది? తర్వాత పళ్లెంలో బియ్యప్పిండి పోసి, పైకి పలుకుతూ వేలితో రాయడం. అక్షరం నలుపులో, ఒత్తు ఎరుపులో, గుణింతం గుర్తు నీలంలో రాసిన అట్టముక్కలు నేనే చేశాను. నలుపు, ఎరుపు, నీలం, ఆ వరసలో పలకాలి. చూస్తూ, వింటూ, చేత్తో రాస్తూ నేర్పే ఈ పద్ధతికి 1930లలో అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరు, గిల్లింగ్‌హామ్ అనే టీచరు దారి వేశారట. ఇసుకలో అక్షరాలు దిద్దిన మా అమ్మమ్మ వింటే నవ్వేది.

సర్టిఫికెట్ దగ్గర మళ్లీ గొడవ. 2016 చట్టంలో దీన్నీ వైకల్యాల జాబితాలో చేర్చారు కాబట్టి, ఆ కాగితం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి దొరుకుతారు. ‘మగపిల్లాడికి చేతులారా ముద్ర వేయిస్తారా, రేపు పిల్లనెవరిస్తారు?’ అన్నారు అత్తయ్యగారు. నేను నోరు తెరిచేలోపే మావారు ‘నాకిచ్చావుగా అమ్మా ఈ పిల్లని’ అన్నారు. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు ఆరో తరగతి. ఇంకా నెమ్మదే, రాతలో తప్పులు పోలేదు. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి ఇంకోసారి రాస్తాను, అదో భారతం. నిన్న రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి వినబడింది. ‘నాన్నా, పలక తిరగేస్తే?’ కాసేపు నిశ్శబ్దం. వాడు తొందరపెట్టలేదు.

‘...కలప’ అన్నారు ఆయన.