బంతి తెచ్చిన డబ్బు ఎవరికి చేరాలి?

2010లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు దాని వెంటే ఎయిడ్స్ ప్రచారమూ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం ‘ఎయిడ్స్‌కు రెడ్ కార్డు’ అంటూ జట్ల కెప్టెన్ల మద్దతు కూడగట్టింది. బాలక్, అడెబయోర్ వంటి ఆటగాళ్లు ఆ ప్రచారానికి ముఖాలయ్యారు. అంతకు ముందే, 2009 నవంబర్ 30న, నైకీ కంపెనీ ఫుట్‌బాల్ స్టార్ ద్రోగ్బాను లండన్‌లో వేదిక ఎక్కించి ఎర్రటి బూటు లేసులు అమ్మకానికి పెట్టింది. లాభంలో సగం ఎయిడ్స్ మందులకు డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్‌కు, మిగతా సగం ఆట ద్వారా హెచ్‌ఐవీ పాఠాలు చెప్పే కార్యక్రమాలకు అన్నారు. ఆ సందడి సద్దుమణిగి చాలా ఏళ్లయింది. ఆటకూ ఎయిడ్స్‌కూ వేసిన ఆ ముడి దేనికి పనికొచ్చిందో ఇప్పుడు తీరిగ్గా లెక్క చూసుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో బతుకుతున్న తెలుగువాడిగా నా అభిప్రాయం ఇది: ప్రచారానికీ మందుల ఖర్చుకూ ఫుట్‌బాల్ చేసేది తక్కువ. కుర్రాణ్ని క్లినిక్ గుమ్మం దాకా తీసుకెళ్లే కోచ్‌ను తయారు చేయడంలో మాత్రం దానికి సాటి లేదు. వసూలైన డబ్బు ముందుగా అక్కడికే వెళ్లాలి.

ప్రచారం సంగతి మన తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగులు చూసిన తరం ఆ పేరు ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ పేరు గుర్తుండటం వేరు, వెళ్లి రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకోవడం వేరు. దక్షిణాఫ్రికాలోనూ ఈ జబ్బు గురించి వినని ఇల్లు లేదు. 2000లో డర్బన్ అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో పదకొండేళ్ల ఎన్‌కోసి జాన్సన్ తనకు ఎయిడ్స్ ఉందని చెప్పి మాట్లాడాడు, మరుసటి ఏడాది కన్నుమూశాడు. నాటి అధ్యక్షుడు ఎంబెకి ప్రభుత్వం మాత్రం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇవ్వడంలో ఏళ్ల తరబడి తాత్సారం చేసి లక్షల ప్రాణాలను పణంగా పెట్టింది. ఆ మందులు ఇప్పుడు ప్రభుత్వ క్లినిక్‌లో ఉచితం. అయినా పరీక్షకు రావడంలో, మొదలుపెట్టిన మందు మానకుండా వాడటంలో మగవాళ్లు ఆడవాళ్లకంటే వెనకబడే ఉన్నారు. వాళ్లకు తెలియక కాదు. క్లినిక్ వరసలో నలుగురి కంటా పడటం వాళ్లకు నామోషీ.

ఫుట్‌బాల్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. జింబాబ్వేలోని బులవాయోలో, అక్కడి హైలాండర్స్ క్లబ్‌కు ఆడినవాళ్లు కలిసి 2002లో గ్రాస్‌రూట్ సాకర్ అనే సంస్థను మొదలుపెట్టారు. వాళ్లు నేర్పే ఆటల్లో ఒకటి చూడండి. పిల్లలు రెండు జట్లుగా ఎదురెదురుగా నిలబడతారు. ఒక జట్టు భుజాలు ఆనించుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, చిన్న బంతిని ఒకరి నుంచి ఒకరికి చాటుగా అందిస్తుంది. ఆపమనగానే అది ఎవరి దగ్గరుందో ఎదుటి జట్టు ముఖాలు చూసి చెప్పాలి. సాధారణంగా తప్పు చెబుతారు. ఆ బంతే హెచ్‌ఐవీ అనీ, పరీక్ష చేయించుకుంటే తప్ప ఎవరికుందో తెలియదనీ కోచ్ అప్పుడు వివరిస్తాడు. ఉపన్యాసంలో చెవిదాటిపోయే మాట ఆటలో ఓడినవాడికి మనసుకు ఎక్కుతుంది.

అంతకన్నా గట్టి ఆధారం బులవాయోలోనే ఉంది. మగవాళ్లు సున్తీ చేయించుకుంటే స్త్రీల నుంచి వాళ్లకు హెచ్‌ఐవీ సోకే ప్రమాదం దాదాపు 60 శాతం తగ్గుతుందని రుజువైంది. అక్కడి ఫుట్‌బాల్ జట్లను రెండుగా విడదీసి, ఒక వర్గానికి మాత్రం సున్తీ గురించి గంటసేపు పాఠం పెట్టారు. చెప్పింది తాను స్వయంగా ఆ ఆపరేషన్ చేయించుకున్న కోచ్. తర్వాత ఆటగాళ్లను పలకరిస్తూ వెంటపడింది కూడా అతనే. పాఠం విన్న జట్లలో సుమారు 5 శాతం మంది ఆపరేషన్‌కు వెళ్లారు, విననివాళ్లలో అర శాతం. అయిదు శాతమేనా అని పెదవి విరవచ్చు. ఒక గంట పాఠానికీ, వెంటపడే ఒక మనిషికీ అది తక్కువేమీ కాదు.

ఇక డబ్బు లెక్క. 2017లో కుదిరిన ఒప్పందంతో కొత్తరకం హెచ్‌ఐవీ మాత్ర ఒక మనిషికి ఏడాదికి దాదాపు 75 డాలర్లకు దిగింది. దాన్ని సరఫరా చేయడానికి ఒప్పుకున్న రెండు కంపెనీల్లో హైదరాబాద్‌లోని అరబిందో ఒకటి. దక్షిణాఫ్రికాలో 50 లక్షలకు పైగా జనం మందుల మీద ఉన్నారు. ఆ ధర చొప్పున వేస్తే ఒక్క మందుకే ఏడాదికి 37 కోట్ల డాలర్లు దాటుతుంది. ఈ బరువు మోయాల్సింది ప్రభుత్వ ఖజానా. ఈ దేశంలో ఎక్కువ భాగం మోస్తున్నదీ అదే. బూటు లేసులమ్మి మందులు కొనిస్తామనుకోవడం ఏతం వేసి చెరువు నింపుతామన్నట్టే. కోచ్‌కు ఇచ్చే చిన్న భత్యానికి మాత్రం ఏ ఆసుపత్రి బడ్జెట్‌లోనూ పద్దు ఉండదు. విరాళం పూడ్చగలిగిన సందు అదొక్కటే.

దీని మీద అభ్యంతరాలు లేకపోలేదు. ఫుట్‌బాల్ మగపిల్లల ఆట, ఇక్కడ ఎక్కువగా వైరస్ సోకుతున్నది యువతులకు కదా అంటారు. నిజమే. అందుకే మహిళా కోచ్‌లతో ఆడపిల్లలకు విడిగా జట్లు నడపాలి. పైగా ఆ యువతులకు సోకుతున్నది చాలావరకు వయసులో పెద్దవాళ్లైన, పరీక్ష చేయించుకోని మగవాళ్ల నుంచే. మగవాణ్ని క్లినిక్‌కు చేర్చడం ఆడపిల్లను కాపాడటం కూడా. కోచ్‌కు పిల్లల మీద ఉండే పట్టు దుర్వినియోగం కావచ్చన్న భయం ఇంకా బరువైనది. దాన్ని కొట్టిపారేయలేం. కోచ్‌లను విచారించి తీసుకోవడానికీ, వాళ్ల మీద ఫిర్యాదు వినే మనిషిని పెట్టడానికీ డబ్బు కావాలి. ఆ ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. స్టార్ ఆటగాడు లేకపోతే అసలు డబ్బే రాదు కదా అన్నది మూడో మాట. రాదు, అందుకే ద్రోగ్బా కావాలి. కానీ ఫోటో దిగి వెళ్లిపోయే అతని పని వసూలుతో సరి. వారం వారం మైదానంలో కనబడేది కోచ్.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేయడంతో ఆ సొమ్ము మీద నడిచే హెచ్‌ఐవీ కార్యక్రమాలు ఇక్కడ కుదేలయ్యాయి. ఇలాంటప్పుడు జీతం ముందుగా పోయేది వీధుల్లో తిరిగి జనాన్ని క్లినిక్‌కు చేర్చేవాళ్లకే. ఆ లోటులో కొంత మనమూ పూడ్చవచ్చు. విదేశాల్లో మన తెలుగు సంఘాలు మంచి పనులకోసం క్రికెట్, వాలీబాల్ పోటీలు పెట్టి నిధులు పోగుచేయడం మామూలే. ఎయిడ్స్ పేరిట ఎవరైనా విరాళం అడిగితే కాదనకండి. ఇచ్చేముందు మాత్రం రెండు ప్రశ్నలు వేయండి: ఇందులో ఎంత కోచ్ చేతికి అందుతుంది? అతను పంపినవాళ్లలో ఎందరు పరీక్ష చేయించుకున్నారో ఎవరు లెక్క రాస్తున్నారు? ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పిన సంస్థకు ఇవ్వండి.