పాత ఫైల్లో ఆ స్టిక్కర్

మోకాలి కీలు మార్పించుకున్నవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. లోపల లోహం పెట్టారు కదా, ఇక దిగుల్లేదు అనుకుంటాం. లోహం సరే, దాన్ని మోస్తున్న ఎముక సంగతేంటి?

మా అమ్మమ్మకి 76 ఏళ్లు. కీళ్లు మార్చి 9 ఏళ్లయింది. మొన్న వేసవిలో పెరట్లో తడి గచ్చు మీద జారిపడింది. ఎక్స్‌రేలో కీలు చెక్కుచెదరలేదు. దానికి కాస్త పైన తొడ ఎముక విరిగింది. వయసుతో ఎముక గుల్లబారుతుంది, లోహమేమో వంగదు, దెబ్బ తగిలితే ఆ రెండూ కలిసే చోటే ఒత్తిడి ఎక్కువ అన్నారు డాక్టరుగారు.

ఇలాంటప్పుడు పుత్తూరు కట్టు పేరెత్తని చుట్టాలుంటారా? "ఈ వయసులో కోతలెందుకు" అన్నారు. షుగరు, బీపీ ఉన్న మనిషి, మాకూ భయమే. కానీ నెలల తరబడి మంచం మీదే ఉంటే ఒంటికి పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు. పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే. చివరికి అమ్మమ్మే తేల్చేసింది: "కొయ్యనీరా. బాత్రూముకి నా కాళ్లతో నేను పోవాలి."

అప్పుడు డాక్టరుగారు పాత ఆపరేషన్ ఫైలు అడిగారు. అందులో స్టిక్కర్లుంటాయట. మామయ్య బీరువా అంతా గాలించి, కరెంటు బిల్లుల మధ్య నుంచి లాక్కొచ్చాడు. కీలు కంపెనీ, మోడల్, సైజు అన్నీ ఆ బుల్లి కాగితం మీదే ఉన్నాయి.

అదెందుకంటే, పాత కీలు ఎముకని గట్టిగా పట్టుకునే ఉంటే దాన్ని కదపరు, విరిగిన చోటునే అతుకుతారు. ఒక పద్ధతిలో మోకాలి వైపు నుంచి తొడ ఎముక లోపలికి పొడవాటి రాడ్ ఎక్కిస్తారు. అది కీలు మధ్య సందులోంచే వెళ్లాలి. కొన్ని మోడళ్లలో ఆ సందు ఉంటుంది, కొన్నింట్లో మూసేసి ఉంటుంది. అమ్మమ్మది మూసిన రకం. అందుకని ఎముక పక్కన ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఆ స్క్రూ తల ప్లేటులోకే మరలా బిగుసుకుంటుంది, గుల్ల ఎముకలోనూ పట్టు దొరుకుతుంది. కీలే వదులైపోయి ఉంటే కథ వేరు. దాన్ని తీసేసి, ఒక్కోసారి తొడ ఎముక కింది భాగం మొత్తం లోహంతోనే పెడతారు. త్వరగా నడిపిస్తారు గానీ, ఇన్ఫెక్షన్ వస్తే పెద్ద తిప్పలే.

ఆ స్టిక్కర్ ఫొటో ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా కీలు మార్చి ఉంటే ఇవాళే ఒకటి తీసి పెట్టుకోండి.

6 వారాలు ఆ కాలి మీద బరువు వెయ్యొద్దన్నారు. వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ ఫిజియోథెరపీ అబ్బాయిని అమ్మమ్మ తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు చేతికర్రతో వంటింటి దాకా వస్తోంది. ఎముక బలానికి మందు మొదలుపెట్టారు. ఎముక సాంద్రత పరీక్షకి వెళ్లినప్పుడు అమ్మని కూడా తీసుకెళ్లాం. అమ్మకి 54. రిపోర్టు రేపిస్తామన్నారు.