అబ్బా వేసిన అట్ట

"సందూక్ మే హై బేటీ, ఫికర్ నక్కో కర్."

మూడు నెలలుగా అమ్మీ ఫోనులో ఇదే మాట. ఉమ్రాకి వెళ్దామని నియ్యత్ చేసుకున్న రోజు నుంచీ నేను అడుగుతూనే ఉన్నాను, పాస్‌పోర్టు ఉందా అమ్మీ అని. ఉంది, సందూకులో ఉంది, భద్రంగా ఉంది. ఆ మాట విని నేను నిశ్చింతగా పడుకున్నాను. ఉందా అని అడిగానే గానీ, ఎప్పటిదాకా ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు.

ప్రయాణం నవంబరులో ఒక శుక్రవారం రాత్రి. శంషాబాద్ నుంచి జిద్దాకి. అమ్మీ, నేను, మా ఆయన. అల్లుడు మహరమే కాబట్టి ఆ చింత లేదు. పేర్లిచ్చి అడ్వాన్సు కట్టి చాలా రోజులైంది. ఇంక పదమూడు రోజులు ఉందనగా వీసాకి పంపాలి, పాస్‌పోర్టులు తెచ్చివ్వండి అని ట్రావెల్స్ అతను ఫోను చేశాడు. మావి ఇంట్లోనే ఉన్నాయి. అమ్మీది తెద్దామని శనివారం పొద్దున్నే గుంటూరు నుంచి చిలకలూరిపేట బస్సెక్కాను.

సందూకు తెరిస్తే కలరా ఉండల వాసన, దాని కింద ఎక్కడో అత్తరు వాసన. పైన అబ్బా షేర్వానీ, దాని కింద అమ్మీ నికాహ్ నాటి ఎర్ర దుపట్టా, అడుగున ఆకుపచ్చ జుజ్‌దాన్. ఖురాన్ షరీఫ్‌కి కుట్టిన ఆ గుడ్డ సంచిలో రెండు పాస్‌పోర్టులు పెట్టి, నాడా మూడు చుట్లు చుట్టి ముడేసి ఉంచింది. రెండిటికీ ఖాకీ కాగితం అట్టలు. అబ్బా ఉర్దూ స్కూల్లో టీచరు. మా పుస్తకాలకే కాదు, రేషను కార్డుకీ బ్యాంకు పాసుబుక్కుకీ కూడా అట్టలు వేసేవారు. అమ్మీ పాస్‌పోర్టు అట్ట మీద ఆయన ముత్యాల్లాంటి ఉర్దూ ఖత్‌లో అమ్మీ పేరు, దాని కింద 'అమానత్' అని ఒక్క మాట.

తెరిచి చూశాను. ఫిబ్రవరి 2023. గడువు దాటిపోయి ఏడాది మీద తొమ్మిది నెలలు.

"క్యా లిఖా హై?" అంది అమ్మీ నా మొహం చూసి.

చెప్పాను. అమ్మీకి ఉర్దూ వచ్చు, అరబీ చదువుతుంది. ఇంగ్లీషు రాదు. పదేళ్ళకి అది చెల్లకుండా పోతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చదువుకున్న కూతురు నేనూ చెప్పలేదు.

"కాగజ్‌కి కూడా ఉమర్ ఉంటుందా?" అంది. కాసేపాగి, "మీ అబ్బాది చూడు" అంది. అదీ అదే తేదీ. ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి తీయించుకున్నారు కదా.

2013లో హజ్ కోసం తీయించారు ఆ రెండూ. అబ్బా రిటైరైన ఏడాది అది. హజ్ కమిటీకి దరఖాస్తు పెడితే రెండుసార్లు ఖుర్‌ఆలో పేరు రాలేదు. మూడోసారి పెట్టే వేళకి చెల్లి షాదీ కుదిరింది. 'బేటీ కీ షాదీ పహలే' అన్నారు, దాచిన డబ్బు అటు వెళ్ళింది. తర్వాత షుగరు, కిడ్నీలు, వారానికి మూడుసార్లు డయాలిసిస్. 2020లో కరోనా వల్ల బయటి దేశాల వాళ్ళకి హజ్ లేకుండా పోయింది, 2021లోనూ అంతే. ఆ ఏడాదే అబ్బా ఇంతెఖాల్. రెండు పుస్తకాల్లో ఒక్క పేజీ మీదైనా ఒక్క ముద్ర లేదు. అమ్మీ నియ్యత్ రెండు ఉమ్రాలకి. ఒకటి తనకి. రెండోది మస్జిదె ఆయిషా దాకా వెళ్ళి మళ్ళీ ఇహ్రామ్‌లోకి వచ్చి, అబ్బా పేరు మీద.

సంగతి సాయంత్రానికల్లా ఖాన్దాన్ అంతా పాకింది. మా ఖాలా ఫోను చేసింది. స్పీకర్లో ఉంది. "ఏం చేస్తాంలే ఆపా, బులావా రాలేదేమో. ఆయన పిలవందే ఎవరు పోగలరు?"

అమ్మీ జవాబివ్వలేదు. అప్పటిదాకా ఇహ్రామ్ కోసం తెల్ల గుడ్డతో తలకి కుట్టుకుంటున్న టోపీని సూదితో సహా మడిచి పక్కన పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది. బులావా మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ మన ఇళ్ళల్లో ఆ మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి. కాగితం చూసుకోకపోతే బులావా రాలేదు. డబ్బు ఇంకో పనికి వాడేసుకుంటే బులావా రాలేదు. ముసలి తల్లిని తీసుకెళ్ళడానికి కొడుకులకి తీరిక లేకపోతే, అదీ బులావానే. మన గఫ్లత్‌కి అల్లా పేరు పెట్టి చేతులు దులుపుకుంటాం. అవతల విన్న మనిషికి ఏమనిపిస్తుంది? 'నేనేం గునాహ్ చేశానని నన్ను పిలవలేదు' అని. ఆ రాత్రి అమ్మీ సరిగ్గా ఇదే అడిగింది నన్ను, ఇషా నమాజు అయ్యాక, జానమాజ్ మీదే కూర్చుని.

"గునాహ్ నాది అమ్మీ. తారీఖు చూడాల్సింది నేను" అన్నాను.

మా ఆయన రాత్రికి రాత్రి లాప్‌టాప్‌తో పేట వచ్చేశాడు. తత్కాల్‌లో పెడదామన్నాడు. మామూలు ఫీజు 1500, తత్కాల్‌కి పైన ఇంకో 2000. పోలీసు ఎంక్వయిరీ పాస్‌పోర్టు ఇచ్చాక కూడా జరగొచ్చు. అయితే మూడు రుజువులు కావాలి. ఇక్కడ మొదలైంది అసలు తమాషా. ఆధార్‌లో ఇంటిపేరు 'షేక్' అని నిండుగా ఉంది. ఓటరు కార్డులో 'ఎస్.కె.' పాన్ కార్డులో పేరు చివర 'బీ' పోయి 'బేగం' వచ్చింది. రేషను కార్డులో పేరు రాసినవాడెవడో గానీ అమ్మీని ఏకంగా 'అమ్మ'ని చేసేశాడు. మనలో ఏ ఇంట్లో చూసినా ఇదే కథ. రాసేవాడి చెవికి ఎలా వినిపిస్తే అలా మన పేరు. పుట్టినరోజులు మాత్రం ఏ గొడవా లేకుండా అందరివీ జనవరి 1.

పాత పాస్‌పోర్టుతో ఆధార్ కలిసింది. మూడోది ఎక్కడిది? లిస్టు మళ్ళీ మళ్ళీ చదివితే పెన్షన్ కాగితాలు కూడా ఉన్నాయి. అమ్మీకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ కాగితం తీశాం. అబ్బా సర్వీసు రికార్డులో తన చేత్తో రాసుకున్న పేరు కదా, ఒక్క అక్షరం తేడా లేదు. "దేఖా? మీ అబ్బా రాసింది" అంది అమ్మీ. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె గొంతు తేలికపడింది.

ఫారంలో ఒక గడి దగ్గర మాత్రం ఆగిపోయాం. పెళ్ళి వివరం. "షాదీషుదా అని రాయి" అంది అమ్మీ. అలా రాయకూడదు, అబద్ధమవుతుంది అన్నాను. మూడేళ్ళు దాటినా మా ఇంట్లో 'బేవా' అన్న మాట ఎవరం పలకలేదు. అమ్మీ గోడ వైపు తిరిగింది. నేను ఆ గడి నొక్కాను.

ఆదివారం ఒకాయన కబురు పంపాడు, ఎనిమిది వేలిస్తే లోపల మాట్లాడి పెడతానని. నిజం చెప్పాలంటే నేను ఊగాను. అమ్మీ వినగానే "రిష్వత్ ఇచ్చి అల్లా ఇంటికి పోతామా?" అంది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

మంగళవారానికి విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంటు దొరికింది. మొదటి కౌంటర్లో ఫొటో. దుపట్టా తీయమంటారేమోనని అమ్మీ దారి పొడుగునా గుబులు పడింది. నుదురు నుంచి గడ్డం దాకా ముఖం కనిపిస్తే చాలన్నారు. వేలిముద్రలే పడలేదు. నలభై ఏళ్ళు అంట్లు తోమి, బట్టలు ఉతికిన వేళ్ళు, గీతలెక్కడ మిగులుతాయి? ఆ కౌంటర్లో అమ్మాయి విసుక్కోకుండా తడిగుడ్డతో తుడిచి, నాలుగోసారికి పట్టించింది. దువా ఇచ్చింది అమ్మీ. చివరి కౌంటర్లో ఆఫీసరు పాత పాస్‌పోర్టు అందుకుని "ఈ అట్ట తీసేయండమ్మా" అన్నాడు. అమ్మీ చిరగకుండా మడతలు విప్పి తీసి, పర్సులో పెట్టుకుంది. పుస్తకం మీద క్యాన్సిల్డ్ ముద్ర కొట్టి తిరిగిచ్చారు. పదకొండేళ్ళలో దాని మీద పడ్డ మొదటి ముద్ర అది.

ఆ తర్వాత నాలుగు రోజులు అమ్మీ గుమ్మం వదల్లేదు. పాస్‌పోర్టు ఎవరి పేరున వస్తే వాళ్ళ చేతికే ఇస్తారని చెప్పాను, అదీ కారణం. శనివారం జోహర్ వేళకి పోస్ట్‌మాన్ వచ్చాడు. అమ్మీ ఉర్దూలో దస్తఖత్ చేసి, సేమియా తినందే అతన్ని కదలనివ్వలేదు. వీసా బుధవారం వచ్చింది. శుక్రవారం ప్రయాణం! ఆ రెండు రాత్రులు మా ఆయనకి బీపీ బిళ్ళ కూడా పని చేయలేదు.

మధ్యలో ఒక మాట. ఇది చదువుతున్నవాళ్ళు లేచి మీ ఇంటి సందూకులు ఒకసారి తీయండి. గడువు ఉంటే చాలదు, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి. పిల్లలవి పదేళ్ళు కాదు, ఐదేళ్ళే. మా చెల్లి ఈ గొడవలో తన కొడుకుది తీసి చూస్తే అదీ అయిపోయింది. పేర్లు తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, టికెట్టు కొన్నాక కాదు.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ దగ్గర అమ్మీ నా ముందు నిలబడింది. కొత్త పాస్‌పోర్టుకి ఖాకీ అట్ట. పాతదానికి వేసిందే, అబ్బా చేతి మడతల మీదే మళ్ళీ మడిచి వేసింది. ఎప్పుడు వేసిందో నేను చూడలేదు. ఆఫీసరు ఆ అట్ట మీది ఉర్దూ చూసి, "ఏం రాసుంది?" అని అడిగాడు.

"నా పేరు బాబూ" అంది అమ్మీ. కింద మాట చెప్పలేదు.

అతను అట్ట తీయమన్నాడు. తీసింది. ముద్ర కొట్టాడు. అమ్మీ పక్కకి జరిగి, వెనక ఎంత లైను ఉందో కూడా చూసుకోకుండా, ఆ గట్టు మీదే పెట్టుకుని మళ్ళీ అట్ట వేయడం మొదలుపెట్టింది.