పిల్లికి నేనిచ్చిన అర మాత్ర

వజ్రకరూరు పేరు వినగానే మీకు తొలకరి వానల తర్వాత చేలల్లో వంగి వజ్రాల కోసం రాళ్లు ఏరుకునే జనం గుర్తుకు రావచ్చు. ఇక్కడ నివసించే మాకు మాత్రం ఇది ముందుగా వేరుశనగ నేల. వాన కరుణించిన ఏడు ఇంట్లో కాయల మూటలు నిలుస్తాయి. మూటలున్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న ఇంట పిల్లి ఉండక తప్పదు. దానిని పెంచుతున్నామని ఎవరూ చెప్పుకోరు. "మా ఇంట్లో ఒక పిల్లి తిరుగుతా ఉంటాది" అంటారు, అంతే. జబ్బు చేసినప్పుడే అది ఇంటి ప్రాణి అని తెలుస్తుంది.

ఉద్యోగ విరమణ చేసి వచ్చిన తొలి వేసవిలో ఒక సాయంత్రం పక్కింటి పెద్దామె తన పిల్లిని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. "రెండు దినాలాయె సార్, ఏమీ తినలేదు. ఒళ్లు కాలిపోతాంది. మనకిచ్చే మాత్రే ఒక తునక ఇస్తే సరిపోదా?" అని అడిగింది. 30 ఏళ్లు మనుషులకు వైద్యం చేసినవాణ్ని. పసిపిల్లలకు సైతం నిస్సంకోచంగా ఇచ్చిన మందది. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను సగానికి విరిచి, పాలలో కలిపి పట్టమన్నాను.

అర్ధరాత్రికి దాని ముఖం, పాదాలు వాచాయి. చిగుళ్లు కాఫీ రంగుకు తిరిగాయి. నోరు తెరిచి ఊపిరి తీయసాగింది. మరునాటి మధ్యాహ్నానికి చనిపోయింది.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. మన కాలేయం ఈ మందులో అధిక భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి, హాని లేకుండా చేసి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము నామమాత్రం. మిగిలిన మందు విషమై, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి కల్పిస్తుంది. మనుషులలో మోతాదు మించినప్పుడు వాడే ఎసిటైల్‌సిస్టీనే పిల్లికీ విరుగుడు. తొలి గంటలలోనే పశువైద్యుని వద్దకు చేర్చి ఉంటే బతికే అవకాశం ఉండేది. మరొక మాట కూడా చెప్పాలి. పిల్లి సహజ ఉష్ణోగ్రత సుమారు 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. ఆనాడు నేను థర్మామీటరు పెట్టి చూడనే లేదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకండి. కుక్కల గోమార్లకు పూసే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలితే వణుకు, మూర్ఛ వస్తాయి. జబ్బు చేసిందని పాలు పోయడమూ మేలు కాదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు.

పిల్లి తన బాధను దాచుకుంటుంది. మూలన నక్కడం, ఒళ్లు నాకడం మానడం, తిండి ముట్టకపోవడం, ఇవే దాని ఫిర్యాదులు. ఒక దినమంతా తినకపోతే ఉపేక్షించకండి. ఉపవాసం సాగితే, ముఖ్యంగా బొద్దు పిల్లులలో, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. కూనలకు ఎడతెగని వాంతులు, రక్త విరేచనాలు అయితే పాన్‌ల్యూకోపీనియాను అనుమానించాలి. దానికి టీకా ఉంది. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి నిలుస్తుంది కనుక, చనిపోయిన కూన స్థానంలో టీకా వేయని మరో కూనను వెంటనే తేకండి. ఎలుకల మందు వాడే ఇంట, మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి ముప్పే.

ఈ కరవు సీమలో నేను మిక్కిలి భయపడేది మగ పిల్లి మూత్రం బిగియడానికి. ఎడారి పిల్లుల సంతతి కావడంతో వీటికి దాహం తక్కువ. మూత్రం చిక్కబడి, సన్నని నాళంలో ఇసుక వంటిది అడ్డుపడుతుంది. మాటిమాటికీ ఇసుక కుప్ప మీద కూర్చుని ముక్కుతూ అరుస్తుంటే మలబద్ధకమని ఆముదం పట్టేవారున్నారు. మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు దినాలలో ప్రాణం పోతుంది. ఇంటి వైద్యం లేదు. పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి, లేదా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అందుబాటును అడగాలి.

జబ్బు పిల్లి మిమ్మల్ని కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ కుక్కల వల్లనే వస్తుందనుకోవడం పొరపాటు.

పోయిన వేసవిలో ఆ పెద్దామె మరొక పిల్లిని, మగదానిని, తెచ్చి చూపింది. పొద్దుటి నుండి ఇసుకలో కూర్చుంటున్నదట. ఆమె మాత్ర అడగలేదు, నేనూ బీరువా తెరవలేదు. ఆటో పిలిపించి పట్టణంలోని పశువైద్యుని వద్దకు నేనే వెంట వెళ్లాను. గొట్టం వేసి మూత్రం తీశారు. ఇప్పుడు ఆమె ఇంట్లో మూడు చోట్ల నీళ్ల మూకుళ్లున్నాయి. ఎండాకాలం పూటపూటకూ నీళ్లు మారుస్తుంది.